పసుపు ప్లేటు కారు (ట్యాక్సీ) కొనే ముందు చూసుకోవలసిన లెక్క

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ విషయం: మీరు సూర్యాపేటలో ఒక దుకాణంలో నెలకు 18,000 రూపాయల జీతానికి పనిచేస్తున్నారు, చేతిలో లక్షన్నర ఉంది, మిగతాది ఫైనాన్స్ తీసుకుని పాత సిఎన్‌జి డిజైర్ కారు ఒకటి కొని హైదరాబాద్‌లో క్యాబ్ యాప్‌ల మీద నడపాలనుకుంటున్నారు, మీకు తెలిసినవారొకరు నెలకు 70,000 దాకా వస్తుందని చెప్పారు, అది నిజమేనా అని అడుగుతున్నారు. నేను 2015 నుంచి ఈ నగరంలో ఇదే పని చేస్తున్నాను, నడుమ ఒక ఏడాది మాత్రమే వేరొకరి దగ్గర సొంత డ్రైవరుగా ఉన్నాను. కాబట్టి తెలిసినంతవరకు వివరంగానే చెబుతాను.

ఆయన చెప్పిన 70,000 అబద్ధం కాదు. అయితే అది సంపాదన కూడా కాదు. రోజంతా ప్రయాణికులు ఇచ్చిన మొత్తాన్ని మా డ్రైవర్లు 'బిజినెస్' అంటారు. "నిన్న మూడు వేల బిజినెస్ అయింది" అని ఒక డ్రైవరు అన్నాడంటే, గ్యాసు, కమీషను, వాయిదా, టైర్లు ఏవీ తీయకముందు వచ్చిన అంకె అది. ఫోను తెర మీద కనిపించేదీ, స్నేహితులకు చూపించేదీ ఆ అంకెనే. ఇంటికి చేరే అంకె ఏ యాప్‌లోనూ కనిపించదు, దానికి మనమే ఒక నోటుపుస్తకం పెట్టుకోవాలి. 2015, 2016 సంవత్సరాలలో కంపెనీలు రోజుకు ఇన్ని ట్రిప్పులు చేస్తే ఇంత బోనస్ అని ఇచ్చేవి. ఆ రోజులలో బిజినెస్‌కూ సంపాదనకూ మధ్య దూరం తక్కువగా ఉండేది, దాన్ని చూసి పొలాలు కుదువబెట్టి మూడేసి కార్లు కొన్నవారు మా వీధిలోనే ఉన్నారు. బోనస్‌లు తగ్గిన తరువాత 2017 మొదట్లో హైదరాబాద్‌లో సమ్మెలు కూడా జరిగాయి. ఆనాటి కథలే ఇప్పటికీ ఊళ్ళలో తిరుగుతున్నాయని నాకు అనిపిస్తుంది.

నా నోటుపుస్తకంలోని ఒక మామూలు రోజును మీ ముందు పెడతాను. వర్షం లేదు, పండుగ కాదు, క్రికెట్ మ్యాచ్ కూడా లేదు. ఉదయం 6:10కి ఎల్బీనగర్‌లో లాగిన్ అయ్యాను, రాత్రి 8:40కి ఆపేశాను. మొత్తం 11 ట్రిప్పులు. బండి రీడింగ్ ప్రకారం తిరిగినది 212 కిలోమీటర్లు, అందులో ప్రయాణికుడు వెనుక సీటులో ఉన్నవి 138, మిగిలిన 74 కిలోమీటర్లు ఖాళీగా తిరిగినవి. బిజినెస్ 3,120 రూపాయలు. ఒక యాప్ కమీషను, మరొక యాప్‌కు కమీషను బదులు కట్టే రోజు పాస్ కలిపి 410 పోయాయి. కిలోకు 22 కిలోమీటర్ల చొప్పున గ్యాసుకు 925 అయింది. టోల్, పార్కింగ్ 60, టిఫిను, భోజనం, టీ, నీళ్ళు కలిపి 180. ఆ రాత్రి జేబులో మిగిలినది 1,545 రూపాయలు.

ఇది బాగానే ఉంది కదా అనిపిస్తుంది, ఎందుకంటే 26 రోజులకు 40,170 అవుతుంది. కానీ ఇక్కడి నుంచి బండి తన వాటా తీసుకోవడం మొదలుపెడుతుంది. మీరు అనుకుంటున్న కారుకు నాలుగేళ్ళ వాయిదా 13,500 దాకా పడుతుంది. ట్యాక్సీ ఇన్సూరెన్సు ఏడాదికి 36,000 అనుకుంటే నెలకు 3,000. నెలకు 5,500 కిలోమీటర్లు తిరిగే బండికి టైర్లు, ఆయిలు, బ్రేకులు, క్లచ్చు, సస్పెన్షను అన్నీ కలిపి కిలోమీటరుకు రూపాయి పది పైసలు నేను పక్కన పెడతాను, అది 6,000. పన్ను, ఫిట్‌నెస్, పర్మిట్ కలిపి నెలకు 700. ఇవన్నీ తీసివేస్తే మిగిలేది 16,970 రూపాయలు. సూర్యాపేట దుకాణంలో మీకు వస్తున్నది 18,000, అది కూడా సొంత ఊరిలో. ఇక్కడ గది అద్దె ఇంకా ఈ లెక్కలోకి రాలేదు.

నేను మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి చెడ్డ రోజును ఎంచుకోలేదు. దీనికంటే బాగా చేసేవారు ఉన్నారు, నేనూ కొన్ని నెలలు చేశాను. అయితే ఆ బాగు ఎక్కడి నుంచి వస్తుందో చూడండి: యాప్ లెక్కలో ఆ రోజు నాకు కిలోమీటరుకు 22 రూపాయల 60 పైసలు వచ్చినట్టు ఉంటుంది, రీడింగ్ లెక్కలో మాత్రం 14 రూపాయల 70 పైసలే. ఈ రెండింటి మధ్య తేడా అంతా ఖాళీ కిలోమీటర్లది. ఈ పనిలో అనుభవం అంటే బండి నడపడం రావడం కాదు, ఆ 74ను 50కి దించడం రావడం. మిగతా నైపుణ్యాలన్నీ దాని తరువాతివే.

ఖాళీ కిలోమీటర్లు ఎలా పుడతాయో కొంచెం విస్తరించి చెబుతాను, ఎందుకంటే బయటివారికి ఇది కనిపించదు. ఉదయం ఏడు నుంచి పదిన్నర వరకు నగరం తూర్పు నుంచి పడమరకు ప్రవహిస్తుంది. ఉప్పల్, ఎల్బీనగర్, సికింద్రాబాద్ వైపు ఇళ్ళు, మాదాపూర్, గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు ఆఫీసులు. ఆ వేళ పడమరకు ఎంత మంచి ట్రిప్పు దొరికినా, దింపిన చోటి నుంచి తిరిగి తూర్పుకు వచ్చేవారు దాదాపు ఉండరు. కొత్త డ్రైవరు దింపగానే ఖాళీగా వెనక్కి పరుగెత్తి రెండో ట్రిప్పు కోసం చూస్తాడు, పాత డ్రైవరు కొండాపూర్, మియాపూర్ వైపు చిన్న చిన్న ట్రిప్పులు చేసుకుంటూ అక్కడే మధ్యాహ్నం గడుపుతాడు. పన్నెండు నుంచి మూడున్నర దాకా నిజానికి పని లేదు. ఆ వేళ తిరిగితే గ్యాసు పోతుంది, ఆగితే పోదు. చెట్టు నీడ చూసుకుని సీటు వెనక్కి వంచి గంటన్నర పడుకోవడం సోమరితనం కాదు, లెక్క.

రెండవది యూ టర్న్‌లు. ఈ నగరంలో చాలా కూడళ్ళ దగ్గర సిగ్నళ్ళు తీసి యూ టర్న్‌లు పెట్టారు. ట్రాఫిక్‌కు అది మంచిదే కావచ్చు, కానీ ప్రయాణికుడు రోడ్డుకు అటువైపు నిలబడి ఉంటే మ్యాప్‌లో 200 మీటర్లుగా కనిపించే పికప్ కాస్తా రెండు కిలోమీటర్లవుతుంది. ఫ్లైఓవర్ల దగ్గర మరీ కష్టం. ప్రయాణికుడు కింద ఉంటాడు, మ్యాప్ గుర్తు పైన పడుతుంది. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా సాగే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 11 కిలోమీటర్లకు పైనే ఉంటుంది, పొరపాటున పైకి ఎక్కితే దిగే ర్యాంపు వచ్చేదాకా పోవలసిందే. అందుకే పికప్ దూరం, ట్రిప్పు దూరం రెండూ కలిపి చూసి ఒప్పుకోవడం నేర్చుకోవాలి. నాలుగు కిలోమీటర్లు పోయి రెండున్నర కిలోమీటర్ల ట్రిప్పు చేస్తే గ్యాసు ఖర్చు ఆరున్నర కిలోమీటర్లది.

మూడవది శంషాబాద్ విమానాశ్రయం. కొత్తవారందరికీ అది బంగారు గనిలా కనిపిస్తుంది. హైటెక్ సిటీ నుంచి 30 కిలోమీటర్లకు పైగా దూరం, మంచి ఛార్జీ వస్తుంది, నిజమే. దింపిన తరువాత మీ ముందు రెండే దారులు: ఖాళీగా నగరానికి రావడం, లేదా క్యాబ్‌ల పార్కింగ్‌లో వరుసలో నిలబడి మీ వంతు కోసం ఎదురుచూడడం. ఆ వరుస ఒక్కోసారి అరగంట, ఒక్కోసారి మూడు గంటలు. మూడు గంటలు ఆగాక వచ్చిన బుకింగ్ పక్కనే ఉన్న శంషాబాద్ బస్టాండుకైతే ఆ మనిషి మీద కోపం వస్తుంది, కానీ అతని తప్పేమీ లేదు. ఇందులో మీరు ఎంచుకున్న సిఎన్‌జి బండికి మరో చిక్కు ఉంది: డిక్కీలో సగానికి పైగా సిలిండరే ఉంటుంది. అమెరికా వెళ్ళే పిల్లవాడు, తల్లిదండ్రులు, 23 కిలోల పెట్టెలు రెండు, చేతిసంచులు, ఆవకాయ డబ్బాల అట్టపెట్టె వచ్చాయంటే వాటిని ఎక్కడ పెట్టాలి? పైన క్యారియర్ లేకపోతే వాళ్ళు రద్దు చేసుకుంటారు, అక్కడి దాకా పోయిన దూరం మీ ఖాతాలో పడుతుంది. ఇంకొకటి, పసుపు ప్లేటు బండికి వేగనియంత్రణ పరికరం ఉంటుంది, గంటకు 80 దాటదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద పక్కనుంచి తెల్ల ప్లేటు బండ్లు దూసుకుపోతుంటే విమానానికి ఆలస్యమైన ప్రయాణికుడు "తొక్కండి, తొక్కండి" అంటూనే ఉంటాడు. బయలుదేరేటప్పుడే నెమ్మదిగా ఆ మాట చెప్పేయడం మేలు.

"డ్రాప్ ఎక్కడ? క్యాషా, ఆన్‌లైనా?" అని మేము ఫోనులో అడుగుతామని ప్రజలకు మా మీద చాలా కోపం. మీరు కూడా ప్రయాణికుడిగా విసుక్కునే ఉంటారు. డ్రైవరుగా చెబుతున్నాను, ఆ కోపంలో న్యాయం ఉంది, మా ప్రశ్నలోనూ న్యాయం ఉంది. రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరవలసినవాడికి ఏడున్నరకు పటాన్‌చెరు ట్రిప్పు పడితే ఆ రోజు పదకొండు అవుతుంది. ఆన్‌లైన్ డబ్బు కంపెనీ ఖాతా గుండా వచ్చే పద్ధతిలో అది చేతికి వచ్చేలోపల గ్యాసు బంకు వాడు ఆగడు. ఇప్పుడు కొన్ని యాప్‌లు కమీషను బదులు రోజు పాస్ లేదా చందా తీసుకుని ఛార్జీ మొత్తం నేరుగా డ్రైవరుకే చేరనిస్తున్నాయి కాబట్టి క్యాషు గొడవ కొంత తగ్గింది. అయితే పాస్‌లో కూడా మెలిక ఉంది: కమీషను పని జరిగితేనే పోతుంది, పాస్ డబ్బు పని దొరకని రోజున కూడా పోతుంది. మొదటి నెలలో తక్కువ ట్రిప్పులు చేసేవారికి కమీషనే నయం. ఫోను చేసి అడిగి రద్దు చేయడం మాత్రం అలవాటు చేసుకోవద్దు. కేంద్రం 2025 జులైలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఒప్పుకున్న తరువాత సరైన కారణం లేకుండా రద్దు చేస్తే ఛార్జీలో 10 శాతం, 100 రూపాయలకు మించకుండా, జరిమానా వేయవచ్చు. ఒప్పుకోకముందే వదిలేయడం వేరు, ఒప్పుకుని వదిలేయడం వేరు.

ఏసీ గురించి ఒక్క మాట. 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో డ్రైవర్ల సంఘం వారు ఛార్జీలు గిట్టుబాటు కావడం లేదని ఏసీ వేయకుండా నిరసన చేశారు. వారి లెక్క తప్పు కాదు, వేసవిలో ఏసీతో నా బండి కిలోకు మూడు కిలోమీటర్లు తక్కువ ఇస్తుంది. అయినా నేను వేస్తాను. మే నెల మధ్యాహ్నం వెనుక సీటులో చెమటలు కక్కుతున్న మనిషి ఆ ఛార్జీ నిర్ణయించినవాడు కాదు, పైగా ఆ వేడిలో పద్నాలుగు గంటలు కూర్చోవలసినవాణ్ణి నేనే.

అన్నిటికంటే నన్ను బాధపెట్టిన అనుభవం ఐడీ, అంటే యాప్‌లో డ్రైవరు ఖాతా, ఆగిపోవడం. కొన్నేళ్ళ క్రితం ఒక రాత్రి ఒక ప్రయాణికుడు నేను తాగి నడిపానని ఫిర్యాదు చేశాడు. నేను తాగను. తెల్లవారి లేచి చూస్తే నా ఐడీ బ్లాకై ఉంది. మాట్లాడడానికి మనిషి లేడు, యాప్‌లో ఒక పెట్టె ఉంటుంది, అందులో రాస్తే "మీ అభ్యర్థన అందింది" అని తిరిగి వస్తుంది. ఆరు రోజుల తరువాత ఏ వివరణా లేకుండా మళ్ళీ తెరుచుకుంది. ఆ ఆరు రోజులకు ఫైనాన్స్ వాళ్ళు మినహాయింపు ఇవ్వలేదు. అప్పటి నుంచి రెండు యాప్‌ల కంటే తక్కువ పెట్టుకోవడం లేదు, లోపలికీ బయటికీ చూసే డ్యాష్‌క్యామ్ పెట్టించాను, ప్రయాణికుడితో ఏదైనా తేడా వస్తే దింపిన పది నిమిషాలలోపే నా వైపు నుంచి యాప్‌లో రాస్తాను. ముందు ఎవరు రాస్తే వారి మాటకు కొంత బరువు ఉంటుందని నా అనుభవం. ఒకరి ఐడీ మీద మరొకరు నడిపే పద్ధతి జోలికి మాత్రం పోవద్దు. ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సు వారి నుంచి పోలీసుల దాకా అందరూ అడిగే మొదటి ప్రశ్న బండి నడిపినది ఎవరనే.

ఇక బండి విషయం. తెల్ల ప్లేటు కారుతో మొదలుపెట్టి తరువాత మార్చుకుందాం అనే సలహా ఎవరైనా ఇస్తే వినకండి. సొంత వాడకానికి ఇన్సూరెన్సు చేసిన బండిని కిరాయికి తిప్పి ప్రమాదం చేస్తే క్లెయిమ్ తిరస్కరించవచ్చు. ట్యాక్సీకి థర్డ్ పార్టీ (ఎదుటివారి నష్టానికి చేసే ఇన్సూరెన్సు) ప్రీమియం సొంత కారు కంటే చాలా ఎక్కువగా ఉంటుంది, అది తెలిసే కొనాలి. పాత ట్యాక్సీ కొనేటప్పుడు ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉందో, బండి వయసు ఎంతో చూడండి. ఎనిమిదేళ్ళ లోపు రెండేళ్ళకు ఒకసారి, ఆపైన ప్రతి ఏడాదీ ఫిట్‌నెస్ చేయించాలి. పాత ఫైనాన్స్ తీరినట్టు ఆర్సీలో ఎక్కిందా, పెండింగ్ చలాన్లు ఎన్ని, రోడ్డు పన్ను కట్టారా అన్నవి అందరూ చూస్తారు. నేను నా బండి కొన్నప్పుడు చూడనిది సిలిండరు. సిఎన్‌జి సిలిండరుకు మూడేళ్ళకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) చేయించాలి, ఆ తేదీ చెక్కిన చిన్న ప్లేటు బండికి ఉంటుంది. కొన్న నాలుగో రోజున బంకులో గంటసేపు వరుసలో నిలబడ్డాక, ఆ కుర్రాడు ప్లేటు చూసి తేదీ దాటిందని గ్యాసు పట్టనన్నాడు. సిలిండరు విప్పించి, టెస్టుకు ఇచ్చి, తిరిగి బిగించేవరకు పెట్రోలు మీద నడిపాను, ఆ వారం బిజినెస్ అంతా పెట్రోలుకే పోయింది. తప్పు నాదే, అమ్మినవాడు అడిగితే చెప్పేవాడేమో, నేను అడగలేదు.

లైసెన్సు గురించి మీకు భయం అక్కరలేదు. మామూలు ఎల్‌ఎంవి (తేలికపాటి మోటారు వాహన) లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని నడపవచ్చని సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చింది. అయినా కొన్ని కంపెనీలు ట్యాక్సీ డ్రైవరు బ్యాడ్జి అడుగుతాయి, పోలీసు వెరిఫికేషన్ ఎలాగూ కావాలి.

మీరు అడగకపోయినా శరీరం గురించి చెప్పాలి. నాకు 38 ఏళ్ళ వయసులో మూత్రపిండంలో రాయి వచ్చింది. కారణం డాక్టరు చెప్పకముందే నాకు తెలుసు: ఎక్కడ ఆగాలో తెలియక నీళ్ళు తాగడం మానేశాను. ఇప్పుడు నా బుర్రలో ఈ నగరానికి మరో మ్యాప్ ఉంది, ఏ బంకులో మరుగుదొడ్డి శుభ్రంగా ఉంటుంది, ఏ ఇరానీ హోటల్ ముందు పది నిమిషాలు బండి పెట్టినా చలాన్ పడదు అని. ఆ మ్యాప్‌ను మీరు మొదటి వారంలోనే తయారుచేసుకోండి. నడుము నొప్పి రెండో ఏడాదిలో మొదలవుతుంది. రాత్రి డ్యూటీలో బిజినెస్ ఎక్కువ, ఖాళీ కిలోమీటర్లు తక్కువ, కానీ శుక్ర, శనివారాలలో తాగినవారు ఎక్కుతారు, ఒకరు వాంతి చేసుకుంటే ఆ రాత్రి అంతటితో ముగిసినట్టే. తెల్లవారుజామున మూడు, ఐదు గంటల మధ్య ఔటర్ మీద వచ్చే నిద్రను టీతో ఆపగలమని అనుకునేవాణ్ణి. ఒకసారి డివైడరుకు బాగా దగ్గరగా వెళ్ళి మేలుకున్నాను, ఆ రోజుతో రాత్రి డ్యూటీ మానేశాను. 2020 నవంబరులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలలో డ్రైవరు రోజుకు 12 గంటలకు మించి లాగిన్‌లో ఉండరాదని, ఆ తరువాత 10 గంటల విరామం ఉండాలని చెప్పారు. పైన చెప్పిన నా రోజు 14 గంటల 30 నిమిషాలు. రెండు యాప్‌ల మధ్య మారుతూ ఉంటే ఏ యాప్‌కూ మన పూర్తి రోజు తెలియదు.

చట్టాల సంగతి క్లుప్తంగా చెబుతాను. సామాజిక భద్రత కోడ్, 2020 అనే చట్టం 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. యాప్ కంపెనీలు తమ వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం మనలాంటి యాప్ కార్మికుల నిధికి ఇవ్వాలని అందులో ఉంది. పథకాలు చేతికి అందడానికి సమయం పట్టవచ్చు, కానీ పేరు లేకపోతే ఎప్పటికీ అందవు, కాబట్టి కేంద్రం కార్మికుల నమోదుకు పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో నమోదు చేయించుకోండి, డబ్బు ఖర్చు లేదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు నా సమాధానం. కారు కొనకండి, ఇప్పుడే కొనకండి. హైదరాబాద్‌లో బండ్లు ఉండి డ్రైవర్లు లేని యజమానులు చాలామంది ఉన్నారు, డిజైర్ లాంటి బండికి రోజుకు 800 నుంచి 1,000 రూపాయల దాకా అద్దె అడుగుతారు, మరమ్మతులు వారివే. 900 చొప్పున 26 రోజులకు 23,400. పైన నేను వేసిన వాయిదా, ఇన్సూరెన్సు, మరమ్మతులు, పన్ను కలిపితే 23,200. అంటే సొంత బండికైనా అద్దె బండికైనా మీకు మిగిలేది దాదాపు ఒకటే, తేడా ఏమిటంటే అద్దె బండిని రేపు తాళాలిచ్చి వదిలేయవచ్చు. వాయిదాలు తీరాక 30,000 మిగులుతుంది కదా అని మీరు అనవచ్చు. నెలకు 5,500 చొప్పున నాలుగేళ్ళకు ఆ బండి మరో 2,64,000 కిలోమీటర్లు తిరిగి ఉంటుంది, అదీ మీరు కొన్ననాటికే ఉన్న రీడింగ్ మీద.

రెండు నెలలు అద్దె బండి నడపండి. ప్రతి రాత్రి నాలుగు అంకెలు రాయండి: రీడింగ్ కిలోమీటర్లు, ప్రయాణికుడితో తిరిగిన కిలోమీటర్లు, చేతిలో మిగిలిన డబ్బు, లాగిన్ గంటలు. రెండో నెలలో ఖాళీ కిలోమీటర్లు మూడోవంతు కంటే తగ్గి, అద్దె పోను రోజుకు 900 రూపాయలు నిలకడగా మిగిలితే అప్పుడు బండ్లు చూడడం మొదలుపెట్టండి. చూసిన బండి నచ్చితే బయానా ఇవ్వకముందు ఆర్సీ, ఫిట్‌నెస్ కాగితం, సిలిండరు ప్లేటు, మూడింటి ఫొటోలు నాకు పంపండి, తేదీలు చూసి ఆ రోజే చెబుతాను.